గాలికొండ దారిలో టిక్కు టిక్కు

శృంగవరపుకోట దాటి బొడ్డవర దగ్గరికొచ్చేసరికి రోడ్డు కొండలోకి తిరుగుతుంది. అక్కడిదాకా మా బావమరిది హుషారుగానే ఉన్నాడు. టైడ దాటి మలుపులు దగ్గరపడ్డాక అతని వేగం తగ్గింది. మలుపు వచ్చినప్పుడల్లా తల ఒక పక్కకి వంచి, ట్యాంకు మీదికి ఒరిగి, ఇంజిన్ వైపు చెవి పెడుతున్నాడు. డముకు దగ్గర ఆగి హెల్మెట్ తీశాడు.

"బావా, నీకు వినిపిస్తోందా?"

"ఏంటి?"

"టిక్కు టిక్కుమంటోంది. బండి కొని ఏడాదన్నా కాలేదు."

నాకు వినిపించిందల్లా లోయలో ఎక్కడో కొత్తవలస-కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం దించుకొస్తున్న గూడ్సు బండి చప్పుడే. ఆ మాటే చెప్పాను. నమ్మలేదు. నా చెవులు నలభై దాటాయన్నాడు.

అతనిది మూడు లక్షలు దాటిన అడ్వెంచర్ బండి. ఒకే సిలిండరు, నాలుగు వందల సీసీకి అటూ ఇటూ, రేడియేటరు, ఎత్తు సీటు, పొడుగు ఫోర్కులు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. నాది స్ప్లెండర్. అదీ సొంతానిది కాదు, మా మామగారి దగ్గర్నుంచి నాకు సంక్రమించింది. అంటే న్యాయంగా అది అతనికే రావాల్సిన ఆస్తి. ఆ బండి వద్దనుకుని ఈ బండి కొన్నందుకు అతనికి ఇంట్లో ఇప్పటికీ మాటలు తప్పవు. అందుకే ఆ టిక్కు అతన్ని అంతగా పీడించిందని నా అనుమానం.

అడ్వెంచర్ బండి అనే జాతి మన దేశానికి కొత్తదే. 2011లో హీరో ఇంపల్స్ వచ్చింది కానీ జనం పట్టించుకోలేదు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200, 2020లో కేటీఎం 390 అడ్వెంచర్ వచ్చాక కథ మారింది. వాటి వెనకే భయమూ వచ్చింది. తొలి విడత హిమాలయన్ల మీద ఫిర్యాదులు గట్టిగానే వినపడ్డాయి. 2017లో ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వచ్చినదాని తర్వాతే ఆ బండి పేరు నిలబడింది. ఐరోపాలో కేటీఎం 790, 890 బళ్లలో క్యామ్‌షాఫ్టులు కాలం తీరకుండానే అరుగుతున్నాయన్న గొడవ చాలాకాలం నడిచింది. 2024 నవంబరులో ఆ కంపెనీ ఆస్ట్రియాలో దివాలా ప్రక్రియకు వెళ్లింది. గోదాముల్లో పేరుకుపోయిన బళ్లూ అప్పులూ దానికి కారణం. మన బజాజ్ డబ్బు పెట్టి దాన్ని ఒడ్డున పడేసింది. మా బావమరిది ఈ చరిత్రంతా కంఠతా పట్టాడు. ఆస్ట్రియాలో ఎవరి క్యామ్‌షాఫ్టో అరిగిందంటే అనంతగిరి ఘాట్లో ఇతని గుండె దడదడలాడుతుంది.

గాలికొండ దగ్గర ఆగాం. కిందంతా మబ్బు, మబ్బులోంచి పైకి పొడుచుకొచ్చిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చాక దారి పొడుగునా కాఫీ బడ్డీలు మొలిచాయి. గ్లాసు చేతిలో పెట్టుకుని కూడా అతను ఇంజిన్ కేసే చూస్తున్నాడు. నేను లెక్కలు చెప్పి ధైర్యం ఇద్దామనుకున్నాను.

ఇంజిన్ మీద ఎంత భారం పడుతుందో తెలుసుకోడానికి పిస్టన్ వేగం ఒక దారి. స్ప్లెండర్ పిస్టన్ ఒక విడతకి 49.5 మిల్లీమీటర్లు నడుస్తుంది. 8000 ఆర్‌పీఎం దగ్గర సగటున సెకనుకు 13 మీటర్ల పైచిలుకు. పాత 411 సీసీ హిమాలయన్ది 86 మిల్లీమీటర్ల పొడుగు నడక, 6500 దగ్గర 18 మీటర్లు దాటుతుంది. 373 సీసీ కేటీఎంది 60 మిల్లీమీటర్లే అయినా 9000 తిరుగుతుంది కనక అదీ దాదాపు అక్కడికే చేరుతుంది. కాబట్టి పెద్ద బళ్లలో రింగులు ఎక్కువ దూరం రాసుకుంటాయి, నిజమే. కానీ అవన్నీ పూర్తి శక్తి తీసేటప్పటి అంకెలు. ఘాట్ రోడ్డు మీద వాటి దగ్గరికి ఎవడు వెళ్తాడు? ఇక్కడి కష్టం దానికి తలకిందులు. మలుపులో మూడో గేరు దించకుండా, రెండు వేలు కూడా తిరగని ఇంజిన్ చేత కొండ లాగిస్తారు. అప్పుడు ప్రతి పేలుడూ సుత్తిదెబ్బలా కనెక్టింగ్ రాడ్ బేరింగు మీద పడుతుంది. పైగా వేగం ఉండదు కనక గాలి తగలదు, నూనె పలచబడుతుంది. నీటితో చల్లబడే ఇంజిన్లో ఫ్యాను తిరిగి కాపాడుతుంది. గాలితో చల్లబడే దానికి రైడరు గేరు దించడమే దిక్కు.

అంతా విని, "అయితే ఈ టిక్కు దేనిదంటావు?" అన్నాడు. కాఫీ చల్లారిపోయింది.

అరకు ఊళ్లో ఎక్కువసేపు ఆగలేదు. పద్మాపురం తోట, మ్యూజియం, వెదురు బొంగు చికెన్ బోర్డులు, వాటి ముందు సెల్ఫీలు. ఊరు పర్యాటకానికి మరీ లొంగిపోయిందని నాకనిపిస్తుంది, ఇంకొకరికి అదే అందం కావచ్చు. అక్కణ్నుంచి పాడేరు వైపు తిరిగాక దారి నాకు నచ్చడం మొదలైంది. డుంబ్రిగుడ, చాపరాయి, హుకుంపేట. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి పనులు జరుగుతున్న రోజులవి. కొండని కోసి, మెటల్ పరిచి, తారు వెయ్యకుండా వదిలేసిన ముక్కలు. టిప్పరు వెళ్లిందంటే ఎర్రటి తెర లేచి మనిషికి మనిషి కనబడడు.

ఆ దుమ్ము సంగతి చెప్పాలి. తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే రాయిని ఖొండలైట్ అంటారు. జియలాజికల్ సర్వేలో పనిచేసిన వాకర్ 1902లో ఇక్కడి ఖోందు గిరిజనుల పేరే దానికి పెట్టాడు. కోణార్క్ గుడి కట్టింది ఈ రాతితోనే. అందులో గార్నెట్, సిలిమనైట్, క్వార్ట్జ్ ఉంటాయి. రాయి వానకీ ఎండకీ చివికి ఎర్రమట్టి అయిపోయినా క్వార్ట్జ్ రేణువు మాత్రం చివకదు. గార్నెట్‌తో ఉప్పుకాగితం తయారు చేస్తారు. సిలిండరు గోడ ఇనుముకన్నా ఈ రేణువులు గట్టివి. నాలుగు వందల సీసీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర, థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే, నిమిషానికి సుమారు 1200 లీటర్ల గాలి పీల్చగలదు. ఆ గాలికీ సిలిండరుకీ మధ్య ఉన్నది ఒక కాగితం ఫిల్టరు. దాని అంచు సరిగ్గా కూర్చోకపోయినా, కడిగి ఆరబెట్టి చిల్లులు పడ్డదాన్నే మళ్లీ పెట్టినా, ఖొండలైట్ లోపలికి వెళ్లి గోడని గీకుతుంది. రింగులు అరుగుతాయి, కంప్రెషన్ తగ్గుతుంది, ఆయిల్ పైకి పాకి కాలుతుంది, సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తుంది. ఎవరూ చూడకుండా జరిగే అరుగుదల ఇదే. టిక్కుమని చెప్పి రాదు.

ఈ కొండలకీ ఇంజిన్‌కీ మరో చుట్టరికం ఉంది. ఖొండలైట్ కొండల నెత్తిన లక్షల ఏళ్ల వానలు మిగిల్చిన పొర బాక్సైటు, అంటే అల్యూమినియం ముడిఖనిజం. పిస్టనూ, క్రాంక్‌కేసూ, సిలిండరు హెడ్డూ అల్యూమినియమే. సరిహద్దు అవతల కొరాపుట్ జిల్లాలో పంచపట్మలి కొండని నాల్కో తవ్వుతోంది. ఇవతల చింతపల్లి వైపు తవ్వకాలకి 2015లో 97వ నంబరు జీవో ఇస్తే గిరిజనులు ఎదురు తిరిగారు, 2019లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. అడ్వెంచర్ బండి ప్రకటనల్లో కొండలు ఎంత అందంగా కనిపిస్తాయో! ఆ బండి ఏ కొండలోంచి వచ్చిందో మాత్రం ప్రకటనలో ఉండదు.

సంత ఎదురైంది. అడ్డాకులు, పిప్పళ్లు, పసుపు, రాజ్‌మా, చింతపండు. వెదురు బుట్టలు మోసుకుని నడిచొచ్చేవాళ్లు సగం, బళ్ల మీద వచ్చేవాళ్లు సగం. బళ్లన్నీ నూరు, నూట పాతిక సీసీలవే. స్ప్లెండర్లు, ప్లాటినాలు, టీవీఎస్ ఎక్సెల్లు. ఒకదాని మీద మొగుడూ పెళ్లామూ ఇద్దరు పిల్లలూ, వెనక కాఫీ బస్తా. అది మెటల్ రోడ్డు మీద మొదటి గేరులో మూలుగుతూ మమ్మల్ని దాటి వెళ్లింది. మా బావమరిది బండికి ఎన్ని రైడింగ్ మోడ్‌లు ఉన్నాయో ఆ బండికి అన్ని గేర్లు కూడా లేవని వాడితో అన్నాను. నవ్వలేదు.

ఇక్కడ ఒక తేలిక కథ నోటికొచ్చేస్తుంది: చూశారా, ఖరీదైన బండికన్నా పేదవాడి బండే నయం, అది అరగదు, ఆగదు అని. నేనూ అలాగే రాసేద్దును, పాడేరులో మెకానిక్ షాపు చూడకపోతే.

మోదకొండమ్మ గుడి ఉన్న ఊరు కదా, జాతరప్పుడు తప్ప మిగతా రోజుల్లో నెమ్మదిగానే ఉంటుంది. 2022 ఏప్రిల్లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమయ్యాక ఆఫీసులతో పాటు బళ్లూ పెరిగాయి. షాపు అంటే రేకుల పంచ. నేల మీద ఆయిల్ తాగి నల్లబడ్డ మట్టి. పాతికేళ్ల కుర్రాడు, నర్సీపట్నంలో పని నేర్చుకుని సొంతూరు తిరిగొచ్చినవాడు. అతని ముందు వరసగా పడి ఉన్నవి స్ప్లెండర్ ఇంజిన్లే. ఒక సిలిండరు బ్లాకు తీసి నా చేతిలో పెట్టాడు. లోపల గోడ మీద వేలు పెడితే నిలువు గీతలు గోటికి తగిలాయి.

"ఇది ఇరవై వేలు కూడా తిరగలేదు బాబూ. కొండ అరగదీసింది కాదు, దుమ్ము తినీసింది. ఫిల్టరు లేకుండా తిప్పేడు. ఆయిలు మార్చమంటే పైన పోస్తాడు గానీ పాతది తియ్యడు."

"మరి ఇప్పుడు?"

"బోరు సేయించీడమే. నర్సీపట్నం పంపిస్తే లేతులో ఏసి పంపుతారు. పెద్ద సైజు పిస్టన్, రింగులు. సంత దాటేలోగా బండి ఎల్లిపోద్ది."

అసలు విషయం అక్కడ పట్టుబడింది. ఈ కొండల్లో చిన్న బళ్లు అరగక నిలబడటం లేదు. అవీ అరుగుతున్నాయి, కొన్ని పెద్ద బళ్లకన్నా ముందే. కానీ వాటి సిలిండరు లోపల ఇనుప లైనరు ఉంటుంది. పావు మిల్లీమీటరు, అర, ముప్పావు, అలా గోడని వెడల్పు చేసుకుంటూ పోతే అదే బ్లాకు మళ్లీ మళ్లీ పనికొస్తుంది. ట్యాపెట్ సర్దడానికి ఒక స్క్రూ, ఒక లాక్‌నట్టు, ఒక స్పానర్. ఆయిల్ వడకట్టడానికి కాగితం ఫిల్టరు కూడా ఉండదు, ఒక జల్లెడ, మడ్డిని అంచుకి విసిరి పట్టుకునే తిరుగుడు గిన్నె, అంతే. కొత్త తరం ఇంజిన్లలో చాలావాటికి సిలిండరు గోడ అల్యూమినియం, దాని మీద నికెల్-సిలికాన్ కార్బైడ్ పూత. ఇనుముకన్నా గట్టిది, తేలిక, వేడిని త్వరగా వదిలేస్తుంది. మామూలుగా వాడితే లైనరుకన్నా ఎక్కువ కాలం వస్తుంది కూడా. కానీ ఒక్కసారి పూత గీసుకుపోతే నర్సీపట్నం లేతు దానికి పనికిరాదు. బ్లాకే మార్చాలి. అది పుణె నుంచో చెన్నై నుంచో రావాలి. బండి ఎన్ని వేల కిలోమీటర్లకి ఆగిపోతుందన్నది బ్రోషరు అడిగే ప్రశ్న. ఆగిన చోటికి దాన్ని బాగుచేసే చెయ్యి ఎంత దూరంలో ఉందన్నది పాడేరు అడిగే ప్రశ్న. నాకు రెండోదే నమ్మకంగా అనిపించింది.

ఇక్కడ ఆ ప్రశ్న సరదా కాదు. రోడ్డు లేని గూడేల నుంచి నిండు చూలాళ్లని డోలీ కట్టి మోసుకురావడం మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ మోత తగ్గించడానికి 2018లో రాష్ట్ర ప్రభుత్వం ఫీడర్ అంబులెన్సుల పేరుతో మోటారుసైకిళ్లకి పక్కన రోగిని పడుకోబెట్టే తొట్టి బిగించి ఏజెన్సీకి పంపింది. బండి, తొట్టి, రోగి, తోడు మనిషి, అందరి బరువూ మొదటి గేరు మీదే. అలాంటి బండికి క్లచ్ ప్లేట్లు ముందు పోతాయని మెకానిక్ చెప్పాడు. క్లచ్చూ గేర్లూ ఇంజినూ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి కనక, ప్లేట్ల నుంచి రాలిన పొడి ఇంజిన్ అంతా తిరుగుతుంది. అసలు అడ్వెంచర్ బండి ఏదని అడిగితే నేను ఆ తొట్టి బండినే చూపిస్తాను.

మా బావమరిది ఇక ఆగలేకపోయాడు. బండి స్టార్ట్ చేశాడు. కుర్రాడు పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ తల మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కొంచెం థ్రాటిల్ ఇచ్చి వదిలి, సైలెన్సర్ కేసి చూశాడు. పొగ లేదు.

"ట్యాపెట్ బాబూ. బయపడకండి. సప్పుడు సేసే ట్యాపెట్ మంచిదే. సప్పుడు లేకండా బిగిసిపోయిందే వాల్వుని కాల్చీస్తాది."

మాట నిజమే. వాల్వు పూర్తిగా మూసుకోకపోతే దాని వేడి సీటులోకి దిగే దారి ఉండదు, మెల్లగా అంచు కాలిపోతుంది, చెవికి ఏమీ తెలియదు. వదులుగా ఉన్నది టిక్కుమని తన సంగతి తనే చెప్పుకుంటుంది.

"అయితే సర్దెయ్యి."

"ఇప్పడం నాకొచ్చు. దీనికి స్క్రూ ఉండదు, బిళ్లలుంటాయి. ఏ మందం బిళ్ల కావాలో ఇప్పితే గానీ తెలీదు. ఇప్పేక నా దగ్గిర ఆ బిళ్ల లేదు. మళ్లీ మూసీడం దండగ. విశాకపట్నం ఎల్లిపోండి, దార్లో ఏటీ కాదు."

షిమ్ అనే ఆ బిళ్లలు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు తేడాలతో వస్తాయి. గుప్పెట్లో పట్టే సరుకు. మూడు లక్షల బండి ఆ గుప్పెడు బిళ్లల కోసం ఘాట్ దిగాలి. కుర్రాడు టిక్కుని వదిలేసి ఎయిర్ ఫిల్టరు మూత తీశాడు. ఫిల్టరు ఎర్రగా, బరువుగా ఉంది. దులిపి పెట్టాడు, కొత్తది వెయ్యమన్నాడు. మా బావమరిది చాలాకాలంగా చెవి పెట్టి వింటున్నాడే గానీ ఆ మూత ఎప్పుడూ తియ్యలేదు. డబ్బు ఎంతంటే, ఏమీ చెయ్యలేదు కదా అన్నాడు. బలవంతం మీద టీ డబ్బులు తీసుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున వంజంగి. మబ్బుల సముద్రం చూడ్డానికి చీకట్లోనే జనం బయల్దేరతారు. చలికాలం ఆ వైపు, ముఖ్యంగా లంబసింగిలో, పాదరసం సున్నా దరిదాపులకి దిగిన రోజులున్నాయి. లాడ్జి ముందు పది బళ్లు ఒక్కసారి స్టార్టయ్యాయి. వాటిలో సగం నిలబడ్డచోటే బర్రుబర్రుమని రెయిజ్ చేస్తున్నాయి. రాత్రంతా నూనె కిందికి దిగి గడ్డకట్టినట్టు ఉంటుంది. అది పంపు నుంచి పైనున్న క్యామ్‌షాఫ్ట్ దాకా చేరడానికి కొన్ని క్షణాలు పడుతుంది, ఆ క్షణాల్లో ఇనుము మీద ఇనుము పొడిగా రాసుకుంటుంది. ఇంజిన్ జీవితంలో అరుగుదల ఎక్కువగా జరిగేది ఇలాంటప్పుడే. స్టార్ట్ చేసి, రెయిజ్ చెయ్యకుండా, మొదటి రెండు కిలోమీటర్లు నిదానంగా నడపడమే దానికి మందు. మా వాడు అలాగే చేశాడు. మబ్బుల దగ్గర టిక్కు మాట ఎత్తలేదు. సూర్యుడు వచ్చాక ఫొటోలు తీసుకున్నాడు, బండితో సహా.

దిగేటప్పుడు అరకు వైపు కాకుండా మినుములూరు కాఫీ తోటల మీదుగా పాడేరు ఘాట్ పట్టుకున్నాం. ఇంజిన్ బ్రేకు మీద దిగుతూ, వాలు అయ్యాక థ్రాటిల్ తిప్పితే నా స్ప్లెండర్ కాస్త నీలం పొగ వదిలిందని వెనకాలే వస్తున్న మా వాడు గమనించాడు. వాల్వు గైడ్ల సీళ్లు పోయినప్పుడు సరిగ్గా ఇలాగే వస్తుంది. ఆ కబురు చెప్పేటప్పుడు వాడి మొహంలో రెండ్రోజుల తర్వాత మొదటిసారి వెలుగు కనిపించింది. మాడుగులలో ఆగి హల్వా కొన్నాం. మామగారికి ఎక్కువ, మాకు తక్కువ.

విశాఖలో సర్వీసు వాళ్లు మొదట "ఈ మోడల్‌కి ఇది మామూలే" అన్నారు. విప్పి చూస్తే రెండు ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గర సందు హద్దు దాటి ఉంది. బిళ్లలు మార్చారు, టిక్కు పోయింది. కొత్త ఎయిర్ ఫిల్టరు పెట్టారు. ఆయిల్ ఫిల్టరు కోసి చూడమని నేనే అడిగాను. లోహం మెరుపు లేదు, నల్లటి మడ్డి తప్ప. స్ప్లెండర్‌కి సీళ్లు మా వీధి చివర మెకానిక్ మధ్యాహ్నం భోజనానికి వెళ్లేలోగా వేసేశాడు.

ఆ తర్వాత మా బావమరిది చేసిన పని నాకు చెప్పలేదు, మా ఆవిడ ద్వారా తెలిసింది. వేరు వేరు మందాల షిమ్‌ల పెట్టె ఒకటి, ఫీలర్ గేజ్ ఒకటి కొని ఆర్టీసీ కార్గోలో పాడేరు పంపాడు. అలాంటి బళ్లు వారానికి అయిదారు ఆ దారిన పోతున్నాయి, ఉంటే ఎవరికో ఒకరికి పనికొస్తాయని అతని ఉద్దేశం. కుర్రాడి ఫోను వచ్చినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

"హైదరాబాద్ బండి ఒకటి వొచ్చింది బాబూ. రెండు బిళ్లలు వాడీసేను, డబ్బులు తీసుకుని పక్కనెట్టేను. ఇంకో రెండు సైజులు కావాల. పెన్నుందా, రాసుకోండి."